ఎవరి యింటికెదురుగా వారు

ఈ మాసపు వేదపాఠము

చదువవలసిన భాగములు: నెహెమ్యా 1:1–4, 2:11–18, 3వ అధ్యాయము, 5:1–13, 6:15
కంఠస్థము చేయవలసిన వచనము: నెహెమ్యా 4:6



కుటుంబ ప్రార్థనలో నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము వచ్చినప్పుడు మనలో చాలమంది దానిని దాటి నాలుగవ అధ్యాయమునకు పోవుదుము. అందులో నోరు తిరుగని పేర్లు తప్ప మరేమియు లేదని మన తలంపు. నిరుటి వరకు నేనును అట్లే చేసితిని. మా ఊరిలో జరిగిన ఒక సంగతి నన్ను ఆ అధ్యాయము వద్ద కూర్చుండబెట్టినది.

మా సంఘములోనే బాప్తిస్మము పొందిన ఒక పిల్లవాడు, చదువు మధ్యలో మానినవాడు, ఒక రాత్రి కాలువ గట్టున స్పృహ లేక పడియుండెను. పొలమునకు నీరు పెట్టబోయిన రైతు చూచి నలుగురిని పిలిచెను. దేవుని కృపచేత పిల్లవాడు బ్రదికెను. మరునాడు ఆసుపత్రి వరండాలో నేను ప్రార్థన చేసి లేచినప్పుడు అతని తల్లి నాతో, “అయ్యగారూ, తాగొద్దని మీరు ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నారు. మావాడు ఆ ఆదివారాలు గుళ్ళో లేడు గదండీ, కాలవ గట్టున ఉన్నాడు. అక్కడికెళ్ళి ఎవరు చెప్పారు?” అని అడిగెను. నాయొద్ద జవాబు లేకపోయెను.

1. మొదట వెళ్లి చూడవలెను

నెహెమ్యా రాజునకు ద్రాక్షారసమందించు ఉద్యోగములో నుండెను. యెరూషలేము ప్రాకారము కూలినదని, గుమ్మములు కాలిపోయినవని విని అతడు ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించెను. అయితే ప్రార్థనతో ఆగలేదు. పట్టణమునకు వచ్చి మూడు దినములుండి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, పడిపోయిన గోడను తన కన్నులతో చూచెను. ఒకచోట అతడు ఎక్కిన పశువు నడచుటకు సైతము దారి లేకపోయెను. చూచిన తరువాతనే ప్రజలతో మాటలాడెను. మనము చూడకమునుపే మాటలాడుదుము. అందుచేత మన మాట గురి తప్పును.

ఆ తల్లి మాట విన్న తరువాత నేనును ఒక సంఘ పెద్దయు రాత్రి తొమ్మిది గంటలకు కాలువ తూము వద్దకు వెళ్లితిమి. అక్కడ తొమ్మిదిమంది పిల్లలుండిరి. నలుగురు మన సంఘమువారే. ఇద్దరికి నేనే బాప్తిస్మమిచ్చితిని. మద్యపు సీసాలు, గుట్కా పొట్లములు, పొగాకు దులిపి గంజాయి కూరిన సిగరెట్లు కనబడెను. ఒకడు చేతిలోనిది వెనుకకు దాచి “వందనాలు అయ్యగారూ” అనెను. మేము కోపపడక కూర్చుంటిమి. కొంతసేపటికి, ఇక్కడికే ఎందుకు వచ్చుచున్నారని అడిగితిని. ఒకడు తల వంచుకొని, “ఇంకెక్కడ కూర్చోమంటారండీ?” అనెను.

అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది. ఆరు సంవత్సరముల క్రిందట ఈ పిల్లలే సాయంకాలము మన దేవాలయపు ఆవరణలో వాలీబాల్ ఆడుచుండిరి. ఒకనాడు బంతి తగిలి కిటికీ అద్దము పగిలినది. పెద్దల కూటములో ఆట మాన్పింపవలెనని తీర్మానించితిమి. గేటుకు తాళము కొని తెచ్చినవాడను నేనే. అద్దము వెల ఆనాడు లెక్క వ్రాసితిమి. పిల్లలు ఎక్కడికి పోవుదురో లెక్క వేయలేదు.

2. గోడ ఎక్కడ కూలినది?

యౌవనస్థుడు ఒక్క దినమున త్రాగుబోతు కాడు. మన పల్లెలలో కూలిన చోటులను వరుసగా చూడుడి. వరికోత యంత్రములు వచ్చిన తరువాత కోత కూలి తగ్గినది. ఇంటర్ తప్పిన పిల్లవానికి చదువును లేదు, పనియు లేదు. పట్టణమునకు కట్టడపు పనికి పోయినవాడు అక్కడి అలవాటును మూటలో కట్టుకొని వచ్చును. ఎన్నికలు వచ్చినప్పుడు ఊరకనే సీసా పంచబడును. మన పెండ్లిండ్లలో ముందర ప్రార్థన, పందిరి వెనుక మద్యము. తండ్రి “పోయి బీడీ కట్ట తేరా” అని ఎనిమిదేండ్ల పిల్లవానిని దుకాణమునకు పంపును. ఆ దారి వానికి నేర్పినది ఎవరు?

వైద్యులు చెప్పు సంగతి ఒకటి తలిదండ్రులు తెలిసికొనవలెను. మనిషి మెదడు ఇంచుమించు 25 ఏండ్ల వరకు పెరుగుచునే యుండును. అందుచేత చిన్న వయస్సులో మొదలుపెట్టినవానికి వ్యసనము లోతుగా పట్టును. గంజాయి ఆకే గదా, ఏమి చేయునని కొందరందురు. యౌవనమున దానిని తరచు పీల్చిన కొందరికి లేని మాటలు వినబడుట, అకారణ భయము, మతి చలించుట కలుగును. గుట్కా వలన నోరు తెరువరాకపోవుటయు, నోటి క్యాన్సరును వచ్చును.

3. ఎవరి యింటికెదురుగా వారు

ఇప్పుడు మూడవ అధ్యాయము తెరువుడి. ప్రధానయాజకుడు మొదట లేచి గొఱ్ఱెల గుమ్మము కట్టెను. బంగారపు పనివారు, పరిమళద్రవ్యములు చేయువారు, వర్తకులు, అందరును తాపీపని చేసిరి. యెదాయా తన యింటికెదురుగా కట్టెను. బెన్యామీను, హష్షూబు తమ యింటికెదురుగా కట్టిరి. మెషుల్లాము తన గదికెదురుగా కట్టెను. ఊరి గోడ యంతయు ఒక్కడు కట్టలేడు. తన గడప యెదుటి సందు మూయుట మాత్రము ప్రతివానికి సాధ్యము. తన యింటియెదుట సందున్నయెడల శత్రువు మొదట తన బిడ్డల మీదికే వచ్చును గనుక, ఎవడును ఆ పనిలో అశ్రద్ధ చేయడు.

రేకాబు కుమారుడైన మల్కీయా ఒక ప్రదేశమునకు అధిపతి. అతడు బాగుచేసినది పెంట గుమ్మము. పట్టణపు మురికి పోవు ఆ చోటికి ఒక అధిపతి తట్ట పట్టుకొని వెళ్లెను. తెకోవ ఊరి ప్రజలు ఒక భాగము కట్టి, మరియొక భాగమును కట్టిరి. వారి ఘనులు మాత్రము పనికి మెడ వంచలేదు. ఇన్ని సంవత్సరముల తరువాతను ఆ సంగతి గ్రంథములో నిలిచియున్నది. సంఘ పెద్దలారా, కాలువ తూము మన పెంట గుమ్మము. అక్కడికి వెళ్లుట మన గౌరవమునకు తక్కువ కాదు.

4. షల్లూము కుమార్తెలు

పండ్రెండవ వచనములో షల్లూము తన కుమార్తెలతోకూడ గోడ కట్టెనని యున్నది. స్త్రీలు కట్టిన గోడను మన దేశమందే చూచితిమి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడికి వచ్చిన స్త్రీలు, త్రాగుబోతు భర్త వలన బాధపడిన సీత అను స్త్రీ కథను తమ పాఠములో చదివిరి. అది తమ కథయేనని గ్రహించిరి. కూలి డబ్బు సారా దుకాణమునకు పోవుట ఇక చాలునని, వర్ధినేని రోశమ్మ మొదలైన స్త్రీలు తమ ఊరిలో సారా అమ్మకమును ఆపిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లా యంతటను, పిమ్మట రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రములో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

ఇందులో మనకు రెండు బుద్ధులున్నవి. ఎక్కువ చదువు లేని స్త్రీలు తమ గడప యెదుట నిలువబడగా ప్రభుత్వము కదలినది. అయితే చట్టము గుమ్మపు తలుపు వంటిది. కావలివారు లేనిచో ఆ తలుపు మరల తెరువబడును. కావలి మనదే.

చట్టము ఇప్పటికిని ఇచ్చుచున్న ఆయుధములను తెలిసికొనుడి. 18 ఏండ్లు నిండని పిల్లలకు మద్యముగాని, మాదకద్రవ్యముగాని, పొగాకుగాని ఇచ్చువారికి 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ విభాగము ప్రకారము 7 సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా కలదు. పాఠశాలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. స్త్రీల సమాజమువారు కలిసి దుకాణదారునితో మర్యాదగా ఈ మాట చెప్పవచ్చును.

5. అప్పును, పడినవాడును

ఐదవ అధ్యాయములో, గోడ లేచుచుండగనే ప్రజలు మొఱ్ఱపెట్టిరి. పొలములు కుదువపెట్టితిమి, బిడ్డలు దాసులగుచున్నారు అని వారి బాధ. నెహెమ్యా ఆ సంగతి విచారించి, తీసికొన్నవి తిరిగి ఇప్పించెను. త్రాగుడు ఉన్న యింట అప్పు ఉండును. త్రాగుడు మానుమని చెప్పి, అప్పు సంగతి విచారింపని సంఘము సగము గోడయే కట్టినది.

పడినవానిని కొట్టకుడి, స్తంభమునకు కట్టకుడి. త్రాగుడు పాపమే, అది రోగము కూడను. చాలకాలము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల వణుకు, కలవరము, మూర్ఛ వచ్చి ప్రాణమునకే అపాయము కలుగవచ్చును. అట్టివానిని ముందు వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. ప్రార్థన వానితోకూడ ఆసుపత్రికి వచ్చును. ప్రభుత్వపు వ్యసనవిముక్తి సహాయ ఫోను 14446. దానికి రుసుము లేదు. వ్యసనములో పడి, తనంతట చికిత్స కోరి దానిని పూర్తి చేసికొనువానికి, వాని నేరము మత్తుమందు వాడుటగాని కొద్ది పరిమాణము గాని అయినప్పుడు, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 64-ఏ విభాగము విచారణ నుండి రక్షణనిచ్చుచున్నది. కేసు భయముచేత బిడ్డను దాచవద్దు.

6. ఏబదిరెండు దినములు

యెరూషలేము ప్రాకారము 52 దినములలో ముగిసెను. మేమును 52 దినములని నిర్ణయించుకొంటిమి. మొదటి ఆదివారము నేను సంఘము ఎదుట నా తప్పు ఒప్పుకొని గేటు తాళము తీసితిని. పిల్లలే ఆవరణ చదును చేసి, స్తంభములు పాతి, దీపము కట్టిరి. ప్రతి సాయంకాలము ఒక పెద్ద వంతు ప్రకారము అక్కడ కూర్చుండెను. ఇంటర్ తప్పినవారికి మన సంఘపు ఉపాధ్యాయుడొకరు రాత్రి పాఠము చెప్పెను. తాపీమేస్త్రి ఒకడు ఇద్దరిని పనికి తీసికొనెను. పూడిపోయిన ఊరి చెరువు కాలువను ఆ పిల్లలే అన్ని కులములవారితో కలిసి త్రవ్విరి. ఇక మన పెండ్లి పందిరిలో మద్యముండరాదని సంఘము తీర్మానించెను.

ఫలితము ఉన్నదున్నట్లు చెప్పెదను. తొమ్మిదిమందిలో ఆరుగురు మానిరి. ఆసుపత్రికి చేరిన ఆ పిల్లవాడు చికిత్స పొంది, ఒకసారి మరల పడి, మరల లేచెను. ఒకడు ఊరు విడిచిపోయెను. ఇద్దరు ఇంకను తూము వద్దకు పోవుచున్నారు, నేనును పోవుచున్నాను. మరి రెండు కిటికీ అద్దములు పగిలినవి. వాటిని బాగుచేయలేదు, అట్టలు పెట్టితిమి.

సహోదరులారా, ఊరి గోడ ఎంత కూలినదో లెక్కించి నిరాశపడకుడి. మీ గడప దాటి నిలువబడి, ఎదుట చూడుడి. సందు అక్కడ కనబడును. రాళ్లును అక్కడనే పడియున్నవి.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన ఊరి యౌవనస్థులు చీకటి పడిన తరువాత ఎక్కడ కూర్చుందురు? మనలో ఎవరు వెళ్లి చూచిరి?
2. మన దేవాలయపు ఆవరణ వారమునకు ఎన్ని గంటలు తెరచియుండును?
3. నా యింటిలో ఏ అలవాటు నా బిడ్డకు దుకాణపు దారి చూపుచున్నది?
4. మన సంఘములో త్రాగుడు వలన అప్పులపాలైన కుటుంబమునకు మనమేమి చేయగలము?
5. రాబోవు 52 దినములలో మన సంఘము ఏ ఒక్క సందును మూయగలదు?

ప్రార్థనాంశములు: వ్యసనములో నున్నవారు, వారి తల్లులు; పనిలేని యౌవనస్థులు; తాళము తీయవలసిన సంఘ కాపరులు, పెద్దలు.