క్రైస్తవ కీర్తనలు – స్వరకర్తలు

కాణిపాకమున వినాయకచవితి మొదలు ఇరువదియొక్క దినములు జరుగు బ్రహ్మోత్సవములలో భజన గోష్ఠుల పాటలను మనమందరము వినియున్నాము. మన కళాశాలలోనే ఉర్దూ శాఖ విద్యార్థులు నాత్‌లు పాడుదురు. క్రైస్తవ విద్యార్థులు డిసెంబరు మాసమున కీర్తనలు పాడుదురు. వీనిలో దేనిని గూర్చియైనను "ఇది ఎవరు వ్రాసిరి?" అని అడిగినచో ఎవరో యొకరు చెప్పగలరు. "ఈ వరుస ఎవరు కట్టిరి?" అని అడిగినచో చెప్పువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నను క్రైస్తవ కీర్తనల విషయమున కొంత విచారింతము.

ఉర్దూ పుస్తకములలో పాట నెత్తిన "తర్జ్" అని, పాత తెలుగు పాటల పుస్తకములలో "ఫలాని పాట మట్టు" అని అచ్చువేయుట కలదు. అనగా వరుసకు సొంత పేరు లేదు, మరియొక పాట పేరే దానికి గుర్తు. పాశ్చాత్య దేశములలో అట్లుగాక వరుసకే ప్రత్యేకముగ నామకరణము చేసి, దాని ప్రక్కన స్వరకర్త పేరును సంవత్సరమును ముద్రించు ఆచారము స్థిరపడినది. ఒకే మాటలను రెండు మూడు వరుసలలోను, ఒకే వరుసను పెక్కు పాటలకును వాడుకొనుటకు ఇది అనుకూలము.

అయితే అచ్చటను ఈ గౌరవము సులభముగ రాలేదు. జెనీవా నగరమున దావీదు కీర్తనలకు వరుసలు కూర్చిన లూయీ బూర్జ్వా అను నతడు, అనుమతి లేకుండ పాత వరుసలను మార్చెనను నేరముపై 1551 డిసెంబరులో చెరసాలకు పోయెను. కాల్విను జోక్యముతో విడుదలయ్యెను. ఆ 1551వ సంవత్సరపు కీర్తనల గ్రంథములోనే మొదట కనబడిన "ఓల్డ్ హండ్రెడ్త్" వరుసను ఈనాటికిని లోకమంతట ఆలయములలో పాడుచున్నారు. అమెరికా దేశస్థుడు లోవెల్ మేసన్ (1792–1872) కథ వేరు. సవానా పట్టణమున బ్యాంకు ఉద్యోగిగా నుండి ఆయన కూర్చిన సంగీత సంకలనము 1822లో బోస్టనునందు వెలువడినప్పుడు, ముఖపత్రముపై తన పేరు వద్దని తానే చెప్పెను. బ్యాంకు ఉద్యోగికి పాటగాడను పేరు రాకూడదని ఆయన భయము! ఆ పుస్తకము విశేషముగ చెల్లుటతో ఆయన ఉద్యోగము మాని సంగీతమునకే అంకితుడయ్యెను. 1838లో బోస్టను ప్రభుత్వ పాఠశాలలలో సంగీతము పాఠ్యాంశమగుటకు ఆయన కృషియే ముఖ్య కారణము.

అన్నింటికంటె మనసునకు హత్తుకొను ఉదంతము ఫ్రాంజ్ గ్రూబరుది (1787–1863). ఈయన ఆస్ట్రియాలో ఒక పల్లెటూరి బడిపంతులు. ఓబెర్న్‌డార్ఫు ఆలయమున ఆర్గను వాయించువాడు. 1818 డిసెంబరు 24న యువ మతగురువగు యోసెఫ్ మోర్ ఒక పద్యమును తెచ్చి ఇయ్యగా, ఆ రాత్రి ఆరాధనకే గిటారుతో పాడుటకు వరుస కట్టెను. అదియే "సైలెంట్ నైట్" అని ఆంగ్లమున ప్రసిద్ధికెక్కిన క్రిస్‌మసు పాట. సంచార గాయకులు దానిని దేశదేశములకు కొనిపోయిరి గాని, కట్టినవాని పేరు మాత్రము వెంట పోలేదు. ఇంత మంచి వరుస మహావిద్వాంసులకే సాధ్యమని తలచి హైడన్ సోదరుల పేర్లు చెప్పసాగిరి. 1854లో బెర్లిను రాజాస్థాన సంగీతశాలవారు మూలప్రతికై సాల్జ్‌బర్గునకు జాబు వ్రాయగా, అచ్చట గాయకబాలకుడుగా నున్న గ్రూబరు కుమారుని మూలముగ ఆ సంగతి తండ్రికి తెలిసెను. అంతట ఆ వృద్ధ ఉపాధ్యాయుడు ఆ పాట పుట్టుకను వివరించుచు లేఖ వ్రాసెను. పాట పుట్టిన ముప్పదియారేండ్లకు గాని స్వరకర్త తన పేరు తాను చెప్పుకొనవలసిన అవసరము రాలేదన్నమాట.

ఇక మన తెలుగు కీర్తనలకు వత్తము. ఒరియా మాతృభాషగా గల బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) 1833లో క్రైస్తవ మతమును స్వీకరించి, తెలుగులో నూరుకు పైగా కీర్తనలు రచించెను. పల్లవి, అనుపల్లవి, చరణములతో కర్ణాటక సంగీత మార్గమునే ఆయన అనుసరించెను. మన ప్రాంతమున 1853లో స్థాపితమైన ఆర్కాటు మిషనుకు చెందిన వైద్యుడు జేకబ్ చేంబర్లేన్ (1835–1908) మదనపల్లెలో దీర్ఘకాలము పనిచేసి, ఆరాధన కీర్తనలను తెలుగులో 1884లో ప్రకటించెను. ఇచ్చిపుచ్చుకొనుట ఒకవైపుననే జరిగెనని తలపరాదు. క్రైస్తవులు రాగతాళములను స్వీకరించినట్లే ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యము కూర్చి "నోట్టుస్వరములు" రచించియుండెను. వానిలో ఒకటి బ్రిటిషు రాజగీతపు వరుసయే!

"ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" గ్రంథమును తెరచినచో పాటల నెత్తిన రాగము, తాళము కనబడును. పదకర్త పేరును ఉండును. సామాన్యముగ చేతులలో నుండు ప్రతులలో స్వరలిపి మాత్రము ఉండదు. రాగము పేరు చెప్పినంత మాత్రమున వరుస చెప్పినట్లు కాదు. ఒకే రాగమున వేయి వరుసలు కట్టవచ్చును. ఇందువలన కలుగు నష్టమేమో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. తిరుమలలో లభించిన తాళ్ళపాక అన్నమాచార్యుల రాగిరేకులపై ప్రతి సంకీర్తనకును రాగనామము చెక్కబడియున్నది, స్వరములు లేవు. అందుచే ఆయన పాడిన వరుసలు చాలవరకు మనకు దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వరకు ఇరువదవ శతాబ్దపు విద్వాంసులు వానికి క్రొత్తగ స్వరములు కూర్చిరి. అవి రమ్యములే, అన్నమయ్యవి మాత్రము కావు. అదే గతి పల్లెలలోని క్రైస్తవ కీర్తనలకును పట్టవచ్చునని మా భయము. పాత వరుసలు వృద్ధుల గొంతుకలలోనే యున్నవి. యువకులు వానినే కీబోర్డునకు అనుకూలముగ సరళము చేసి పాడుచున్నారు.

దీనికి మారుగ మదనపల్లెలోనే ఒక నిదర్శనము కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసి "జనగణమన" పాడగా, ప్రిన్సిపాలు భార్యయు సంగీత పట్టభద్రురాలునగు మార్గరెట్ కజిన్స్ కవి సమక్షముననే దాని వరుసను స్వరలిపిలో వ్రాసికొనెను.

మన విద్యార్థులలో సరిగమలు నేర్చినవారు కొందరున్నారు. చరవాణిలో ధ్వని ముద్రించుకొనుట అందరికిని సాధ్యమే. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు ప్రాంతములనుండి వచ్చు విద్యార్థులు సెలవులలో తమ యూరి పెద్దల నోట ఒక్కొక్క పాటను విని, పాడినవారి పేరు, వారికి నేర్పినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసికొని రావలెను. నాత్‌లకును, భజనలకును ఇదే పద్ధతి చెల్లును. కళాశాల సంఘమువారు అనుమతించినచో రాబోవు సంచికలో నాలుగు పుటలు స్వరలిపికి కేటాయింపవలెనని కోరుచున్నాము.