ముల్లును ముల్లుతో తీయవచ్చునా? – ఎలక్ట్రానిక్ సిగరెట్టూ, పొగ మానడమూ

రసాయన శాస్త్రం చెప్పేవాణ్ణి కనుక విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నల్లో పాఠంలో లేనివే ఎక్కువ. వాటిలో ఒకటి ఈ మధ్య మళ్ళీ మళ్ళీ వస్తున్నది. "సార్, సిగరెట్టు మానాలంటే ఎలక్ట్రానిక్ సిగరెట్టు పట్టుకుంటే చాలంటున్నారు, నిజమేనా?" అని కొందరు. "అది వట్టి నీటి ఆవిరే కదా సార్, తాగితే ఏమైతది?" అని మరికొందరు. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కాని మొదటిది పొగ మానదలచినవాడి ప్రశ్న. రెండవది పొగ ఎన్నడూ తాగనివాడి ప్రశ్న. ఈ రెంటికీ జవాబు ఒకటి కాదు. ఆ తేడా తెలియకపోవడం వల్లనే ఒకరు అది అమృతమనీ, ఒకరు విషమనీ వాదులాడుకుంటున్నారు. ఆ తేడాను విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తాగేది ఒకదాని కోసం, చంపేది మరొకటి

సిగరెట్టు గాని, బీడీ గాని, చుట్ట గాని మనిషి ఎందుకు తాగుతాడు? నికోటిన్ కోసం. పొగాకు ఆకులో వుండే ఈ క్షారార్థం పొగతోపాటు ఊపిరితిత్తుల్లోకి పోయి, రక్తంలో కలిసి, పది ఇరవై సెకండ్లలో మెదడుకు చేరుతుంది. అక్కడ కొన్ని గ్రాహకాలకు అతుక్కొని క్షణకాలం హాయిని కలిగిస్తుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. మళ్ళీ చెయ్యి జేబులోకి పోతుంది. వ్యసనమంటే ఇంతే.

అయితే మనిషిని చంపేది ప్రధానంగా నికోటిన్ కాదు. దమ్ము లాగినప్పుడు సిగరెట్టు కొన దాదాపు 900 డిగ్రీల వేడిలో మండుతుంది. ఆ మంటలో ఆకు కాలి, ఏడు వేలకు పైగా రసాయనాలు పుడతాయి. వాటిలో డెబ్బయి దాకా కేన్సరు కారకాలు. తారు ఊపిరితిత్తులకు పూతలాగా పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ప్రాణవాయువుకన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్ను పట్టుకొని, గుండెకు అందవలసిన ప్రాణవాయువును అడ్డుకుంటుంది. బ్రిటిష్ మానసిక వైద్యుడు మైకేల్ రసెల్ 1976లోనే ఈ సంగతిని తేల్చి చెప్పాడు: జనం తాగేది నికోటిన్ కోసం, చచ్చేది తారు వల్ల.

అయితే మంట లేకుండా నికోటిన్ మాత్రం ఇస్తే? ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఈ ప్రశ్నలోంచే పుట్టింది.

మంట లేని సిగరెట్టు

ఇలాంటి ఆలోచన అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయనకు ముందే వచ్చింది. పొగా, పొగాకూ లేని సిగరెట్టు కోసం 1963లో దరఖాస్తు పెట్టి, 1965లో పేటెంటు పొందాడు. కాని దాన్ని తయారుచేసి అమ్మేవారు దొరకలేదు. నేడు మనం చూసే పరికరానికి మూలపురుషుడు చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు. స్వయంగా పొగరాయుడు. తండ్రి ఊపిరితిత్తుల కేన్సరుతో పోయాడు. 2003లో ఆయన తయారుచేసిన పరికరం కొద్ది సంవత్సరాల్లోనే దేశదేశాలకు పాకింది.

దానిలో వుండేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక బ్యాటరీ, దానితో వేడెక్కే ఒక తీగచుట్ట, ఒక ద్రవం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, రుచికోసం కలిపే పరిమళాలు వుంటాయి. తీగ వేడెక్కితే ద్రవం సన్నని తుంపరగా మారుతుంది. మనకు పొగలా కనిపించేది అదే. కనుక "నీటి ఆవిరి" అన్న మాట శుద్ధ అబద్ధం. తీగ మరీ వేడెక్కితే ఆ ద్రవం విరిగి ఫార్మాల్డిహైడ్ వంటివి కూడా పుడతాయి. అయినా సిగరెట్టు పొగలో వున్నంత తారుగాని, కార్బన్ మోనాక్సైడుగాని ఇందులో లేవన్నది కూడా అంతే నిజం.

పరీక్షల్లో తేలిందేమిటి?

ఇంగ్లండులో పొగ మాన్పించే ప్రభుత్వ కేంద్రాలకు వచ్చిన 886 మందిని రెండు జట్లుగా విడదీసి ఒక పరీక్ష చేశారు. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఒక జట్టుకు ఎలక్ట్రానిక్ సిగరెట్లు, రెండవ జట్టుకు నికోటిన్ గమ్, పట్టీ వంటివి ఇచ్చారు. ఇద్దరికీ కొన్ని వారాలపాటు సలహాదారుల తోడ్పాటు వుంది. ఏడాది తర్వాత చూస్తే మొదటి జట్టులో నూటికి 18 మంది, రెండవ జట్టులో నూటికి 10 మంది పొగ మానివున్నారు. తరువాత అనేక పరీక్షలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షకులు కూడా గమ్, పట్టీలకన్నా దీనితో ఎక్కువమంది మానుతున్నారనే తేల్చారు. ఇది నమ్ముకొనే బ్రిటన్ ప్రభుత్వం 2023లో పది లక్షలమంది పొగరాయుళ్ళకు, సలహాతో పాటు ఈ పరికరాలు ఇచ్చే పథకం ప్రకటించింది.

కాని అదే పరీక్షలో మరొక అంకె వుంది. దాన్ని ప్రచారకులు చెప్పరు. సిగరెట్టు మానిన మొదటి జట్టువారిలో నూటికి 80 మంది ఏడాది తర్వాత కూడా ఆ పరికరాన్ని వదలలేదు. గమ్, పట్టీలతో మానినవారిలో ఇంకా వాటిని వాడుతున్నవారు నూటికి 9 మందే. ముల్లును ముల్లుతో తీయవచ్చు, పెద్దలు చెప్పిందే. కాని తీసిన ముల్లును పారేయాలి గదా! అదే చోట గుచ్చుకొని తిరిగితే కాలు బాగుపడినట్టా?

పద్దెనిమిది మంది మానారంటే ఎనభై రెండు మంది మానలేదనీ అర్థం. చాలామంది ఇంట్లో ఇదీ, బయట అదీ తాగుతూ రెండింటినీ మోస్తారు. దానివల్ల ఖర్చు పెరుగుతుంది, మేలు మాత్రం దక్కదు.

ప్రమాదం సంగతీ చూడాలి. 2019లో అమెరికాలో ఇలాంటి పరికరాలు వాడినవారు ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి కేసులు 2,807, మరణాలు 68. అసలు దోషి ప్రధానంగా గంజాయి సారం కలిపిన దొంగసరుకులో వాడిన విటమిన్-ఇ ఎసిటేట్ అని తేలింది. అంటే ఇది అన్ని పరికరాలకూ వర్తించే నేరం కాదు. కాని లోపల ఏముందో తెలియని సీసాను చాటుగా కొని పీల్చేవాడికి మాత్రం ఇంతకన్న పెద్ద హెచ్చరిక అక్కరలేదు. మన దేశంలో దొరికేదంతా చాటు సరుకే. ఎందుకో చెబుతాను.

మన దేశపు చట్టం

2019 మే నెలలో భారత వైద్య పరిశోధనా మండలి వీటిని పూర్తిగా నిషేధించాలని సిఫారసు చేసింది. ఆ సెప్టెంబరు 18న కేంద్రప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో అది చట్టమయింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన – అన్నీ నిషిద్ధం. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జుర్మానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జుర్మానా.

"బీడీ, సిగరెట్టు ప్రతి పాన్ డబ్బాలో అమ్మనిచ్చి, వాటికన్న తక్కువ చెరుపు చేసేదాన్ని నిషేధించడం ఏం న్యాయం సార్?" అని ఒక తెలివైన విద్యార్థి నన్ను నిలదీశాడు. ప్రశ్న కొట్టిపారేసేది కాదు. సిగరెట్టు నేడు కొత్తగా పుట్టివుంటే దానికీ ఇదే గతి పట్టేది. అయితే మన దేశం లెక్క వేరు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పొగాకు వాడే పెద్దలు దాదాపు 26 కోట్ల 70 లక్షలు. పొగ తాగేవారు నూటికి 10.7 మంది అయితే, గుట్కా, ఖైనీ, జర్దాలాగా నమిలేవారు 21.4 మంది. తాగేవారిలోనూ సిగరెట్టుకన్న బీడీదే పైచేయి. నమిలేవాడికి ఈ పరికరంతో పనిలేదు. బీడీ కూలీకి దాని ధర అందదు. ఇక మిగిలేదెవరు? చేతిలో కాస్త డబ్బు ఆడే పట్నం యువకులు. వారిలో ఎన్నడూ సిగరెట్టు ముట్టనివారిని సైతం మామిడి వాసన, పుదీనా వాసన పిలుస్తాయి. బ్రిటన్ కూడా, ఒక చేత్తో పొగరాయుళ్ళకు ఇస్తూనే, పిల్లల చేతుల్లో పడుతున్నాయని 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే రకాన్ని నిషేధించింది.

మన పాలమూరు మాట

జడ్చర్లకు దగ్గరి పల్లెలో మా పెద్దనాయన నలభై ఏళ్ళు బీడీ తాగాడు. వయసులో ప్రాజెక్టు పనులకు వలసపోయినప్పుడు అలవాటయింది. ఎందుకు మొదలుపెట్టావంటే ఆయన చెప్పే జవాబు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు: "బీడీ ముట్టిస్తెనే గుంపుమేస్త్రి కూసోనిస్తుండె బిడ్డా. ఊకె కూసుంటె తిడుతుండె." బీడీ ఆయనకు నికోటిన్ ఒక్కటే కాదు, కాసేపు నడుం వాల్చే హక్కు.

దగ్గు ముదిరి, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నప్పుడు, దుబాయిలో పనిచేసే మా తమ్ముడు ఎలక్ట్రానిక్ సిగరెట్టు పంపుతానన్నాడు. చట్టం ఒప్పదని నేనన్నాను. పెద్దనాయన నవ్వి, "బోరు మోటరుకు కరెంటు, సెల్లుకు కరెంటు, ఇగ బీడీకి గూడ కరెంటేనా?" అన్నాడు.

మాకు దారి చూపింది బీడీ కట్ట మీదనే అచ్చయివున్న ఒక నంబరు: 1800-11-2356. అది ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ వాణి. 2016లో ఢిల్లీలోని వల్లభభాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థలో మొదలయింది. దక్షిణాది భాషల వారికోసం బెంగుళూరు నిమ్హాన్స్‌లో కూడా కేంద్రం వుంది. 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద ఈ నంబరు వేయడం తప్పనిసరి. ఫోన్లో మాట్లాడిన సలహాదారు ముందుగా అడిగింది ఒకటే: "ఏయే వేళల్లో తాగబుద్ధి అవుతుంది?" చాయ్ తాగినంక, అన్నం తిన్నంక, పొలం గట్టు మీద కూర్చున్నప్పుడు. ఆ మూడు వేళలకు మూడు ఉపాయాలు చెప్పారు. బీడీ కట్ట వుండే జేబులో పుట్నాలు చేరినవి. డాక్టరు నికోటిన్ గమ్ రాసిచ్చాడు. దాన్ని తమలపాకు నమిలినట్టు నమిలేసరికి ఎక్కిళ్ళు వచ్చినవి. సరైన పద్ధతి తరువాత తెలిసింది: నెమ్మదిగా నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి, చెంప పక్కన పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. మధ్యలో రెండుసార్లు బీడీ ముట్టించాడు. సలహాదారు తిట్టలేదు, మళ్ళీ తేదీ పెట్టించింది. ఇప్పటికి ఎనిమిది నెలలు, బీడీ లేదు.

మరి మానేదెట్లా?

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు మాన్పించే చికిత్సకు మొదటిసారి మార్గదర్శకాలు వెలువరించింది. సలహాతోపాటు నికోటిన్ గమ్, పట్టీ వంటివి, వరెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్ అనే మందులను సిఫారసు చేసింది. ఎలక్ట్రానిక్ సిగరెట్టును ఆ పట్టీలో చేర్చలేదు. సైటిసిన్ సంగతి వృక్షశాస్త్ర విద్యార్థులకు సరదాగా వుంటుంది. మన కంది, పల్లీల కుటుంబానికే చెందిన ఒక చెట్టు గింజల నుంచి వచ్చే పదార్థం అది. నికోటిన్ కూర్చునే గ్రాహకం మీద తాను కూర్చుని, నికోటిన్‌కు చోటివ్వదు. తూర్పు ఐరోపాలో 1960ల నుంచి వాడుకలో వుంది. ఈ మందులేవైనా డాక్టరును అడిగే వాడాలి.

మానిన తర్వాత మొదటి రెండు మూడు రోజులు కష్టం. చిరాకు, నిద్రపట్టకపోవడం, ఆకలి. రెండు నుంచి నాలుగు వారాల్లో ఇవి సర్దుకుంటాయి. తాగాలన్న తహతహ వచ్చినప్పుడు అది కొద్ది నిమిషాలే వుంటుందని గుర్తుంచుకోండి. ఆ కాసేపు వాయిదా వేయండి, నీళ్ళు తాగండి, గట్టిగా ఊపిరి తీయండి, మరో పనిలో పడండి.

ఇదంతా దండగ శ్రమ కాదు. బ్రిటిష్ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్ళపాటు గమనించిన అధ్యయనం ప్రకారం, ముప్పయ్యో ఏట మానినవాడికి దాదాపు పదేళ్ళ ఆయుస్సు మిగులుతుంది. అరవయ్యో ఏట మానినా మూడేళ్ళు మిగులుతుంది. అంటే విద్యార్థికి ఎంత లాభమో, మా పెద్దనాయనకూ అంత కాకపోయినా కొంత లాభమే.

ఇక మొదటి రెండు ప్రశ్నలకు జవాబు. పొగ తాగేవాడికి: ఎలక్ట్రానిక్ సిగరెట్టు కొన్ని దేశాల్లో, సలహాదారు చేతి కింద, కొందరికి తోడ్పడిన మాట నిజం. మన దేశంలో అది చట్టం ఒప్పని, లోపలేముందో తెలియని సరుకు. అంతకన్న భద్రమైన దారులు ప్యాకెట్టు మీదనే అచ్చువేసి వున్నవి. పొగ తాగనివాడికి: నాయనా, కాలిలో ముల్లే లేనప్పుడు ఇంకో ముల్లుతో గుచ్చుకొనుట ఎందుకు?

విద్యార్థి సంఘం వారికి నాదొక మనవి. విద్యాసంస్థలకు నూరు గజాల లోపల పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతున్నది. మన గేటు ముందు ఆ నూరు గజాలు కొలిచి చూడండి. సహాయ వాణి నంబరును నోటీసు బోర్డు మీద, హాస్టలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఖర్చు ఒక డబ్బా రంగు. దానివల్ల ఒక్క మిత్రుడు మానినా, ఈ ఏడు సంఘం చేసిన పనుల్లో అది చిన్నదేమీ కాదు.