యంత్రం తీసేయకు, హద్దు గియ్యి

అమ్మలూ,

తీసేయకు. ఆ యంత్రమే నీ నవలకి ప్రాణం. "చచ్చిపోయినవాడి చివరి జ్ఞాపకాలు చదివే యంత్రం ఉంటే హంతకుడు మూడో పేజీలోనే దొరికిపోతాడు కదా మావయ్యా, మిగతా పుస్తకం దేనికి?" అన్నావు. సైన్స్ ఫిక్షన్‌లో హత్య కేసు కుదరదని నీ స్నేహితురాలు తేల్చేసిందనీ రాశావు. ఆ పిల్ల మాట కొత్తదేం కాదులే. 1940ల చివర్లో జాన్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ సంపాదకుడు ఐజాక్ అసిమోవ్‌తో అచ్చం ఇదే అన్నాడు. చిక్కొచ్చినప్పుడల్లా డిటెక్టివ్ జేబులోంచి కొత్త పరికరం తీస్తే, పాఠకుడు ఊహించడానికి ఏం మిగులుతుంది అని.

అసిమోవ్ వాదన పెట్టుకోలేదు, నవల రాశాడు. 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' 1953లో గెలాక్సీ పత్రికలో సీరియల్‌గా వచ్చింది, మరుసటి ఏడు పుస్తకమైంది. విశాఖ ఉక్కునగరం గేటు పక్కన పుట్టినదానివి, ఆ పేరు చూసైనా చదివుండాల్సింది! అందులో జనమంతా పైకప్పున్న మహానగరాల్లో బతుకుతారు. ఆరుబయట నాలుగడుగులు వెయ్యమంటే వాళ్ల గుండె జారిపోతుంది. రోబోలకి ఆ భయం లేదు, ఎంత దూరమైనా నడుస్తాయి. కానీ మనిషికి హాని చెయ్యకూడదన్న నియమం వాటి మెదడులోనే ఉంది. నగరం అంచున ఓ హత్య జరుగుతుంది. గేటు గుండా ఆయుధం పోదు. ఆరుబయటి దారిన మనిషి పోలేడు. పోగలిగిన రోబో చంపలేదు. ఎవరు చంపారో నేను చెప్పను. జవాబు మాత్రం ఆ నియమాల సందుల్లోనే ఉంది, ఆ నియమాలన్నీ మొదట్నుంచీ నీ కళ్లెదుటే ఉంటాయి.

రోనాల్డ్ నాక్స్ అని ఒక పాదిరీ 1929లో డిటెక్టివ్ కథలకి పది సూత్రాలు రాశాడు. కనిపెట్టని విషాలు వాడొద్దు, చివర్లో పొడుగ్గా సైన్సు పాఠం చెబితే తప్ప అర్థంకాని పరికరం వాడొద్దు అన్నది అందులో ఒకటి. అది చూసి నువ్వు భయపడక్కర్లేదు. ఆ పాఠమేదో మొదట్లోనే చెప్పెయ్. అదీ నవ్విస్తూ చెప్పు, పాఠమని ఎవరికీ తెలియకూడదు.

ఎలాగంటావా? మొదటి అధ్యాయంలో హత్యే వద్దు. ఓ కుటుంబం కలిసి తాతగారి జ్ఞాపకాలు చదివిస్తుంది. ఉక్కు ప్లాంటుకి భూమి పోయినవాళ్లకిచ్చిన నిర్వాసితుల ఆర్ కార్డుని ఆయన ఎక్కడో దాచి చచ్చిపోయాడు. నీ కథ జరిగే 2090లో దాని విలువ ఏమిటన్నది నువ్వు చూసుకో. యంత్రం పెట్టి చూస్తే అంతా చీకటి. ఆయన నిద్రలో పోయాడు మరి! ఆఖరి పది నిమిషాల్లో చూసిందీ విన్నదీ మాత్రమే ఈ యంత్రానికి దొరుకుతుంది. కోడళ్లిద్దరూ ఆపరేటర్ మీద విరుచుకుపడతారు, డబ్బు వెనక్కిమ్మంటారు. పాఠకుడు నవ్వేసి పేజీ తిప్పుతాడు. నీ నవలకి తాళంచెవి అతని చేతిలో పెట్టేశావు, అతనికే తెలీదు.

ఇప్పుడు హత్య. నువ్వు రాసిన లేజర్ తుపాకీ చదివి నాకు ఒళ్లు మండింది. హత్యని అంగారకుడి మీద పెట్టినందుకు ఇంకా మండింది. మనూళ్లోనే పెట్టు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ, రాత్రి పదింటికీ షిఫ్టు మారే జనాన్ని పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నావు. ఎవడు ఏ షిఫ్టులో ఉన్నాడు, ఎవడు ఎవడి బదులు డ్యూటీ చేశాడు అన్నది చాలదూ, అలిబీలకి?

ఆయుధమూ ఇక్కడే ఉంది. మా ఉక్కు ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. వాటినుంచి వచ్చే గ్యాసులో ఐదోవంతు పైచిలుకు కార్బన్ మోనాక్సైడే. రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసుకైతే లీకైనప్పుడు తెలియాలని కావాలనే కంపు కలుపుతారు, దీనికి ఆ మర్యాద లేదు. అందుకే గ్యాసు లైన్ల దగ్గరికి వెళ్లేవాళ్లు జేబుకి చిన్న మీటరు తగిలించుకుంటారు. అరచేతిలో పట్టే డబ్బా, చిన్న తెర మీద అంకె. మామూలుగా సున్నా. అంకె పెరిగితే కీచుమంటుంది, వణుకుతుంది, ఎర్రలైటు కొడుతుంది. అప్పుడు చర్చలుండవు, గాలి ఎటు వీస్తోందో చూసుకుని బయటపడటమే. ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా ఆ గ్యాసు నెత్తుటిని పట్టుకుంటుంది. తల నొప్పి, మత్తు, ఆపైన ఏమీ తెలీదు. శవం మీద పాలిపోవడానికి బదులు ఓ ఎర్రటి నిగారింపు వస్తుంది.

నీ యంత్రాన్ని ఆ శవానికి పెట్టి చూడు. గది, బల్ల, దీపం, కణతలు రుద్దుకుంటున్న చేతులు, ఓ ఆవులింత, చీకటి. గదిలో రెండో మనిషే లేడు! పోలీసులు గుండెపోటని రాసేసుకుంటారు. నీ డిటెక్టివ్ అప్పుడు వెతకాల్సింది గ్యాసుని కాదు, తల్లీ. ఈ యంత్రానికి ఏది కనబడదో ముందే తెలిసిన మనిషిని. తాతగారి ఆర్ కార్డు కోసం వచ్చినవాళ్లలో, ఆ గోల విన్నవాళ్లలో వెతకమను. ఎర్ర నిగారింపుని మాత్రం డాక్టరు నోట పాఠంలా చెప్పించకు. శవాన్ని చూడ్డానికొచ్చిన ముసలమ్మ "మొహం ఎంత కళగా ఉందో" అంటే చాలు.

ఆల్ఫ్రెడ్ బెస్టర్ 'ది డెమాలిష్డ్ మ్యాన్' కూడా దొరికితే చదువు, సైన్స్ ఫిక్షన్ నవలలకిచ్చే మొట్టమొదటి హ్యూగో బహుమతి 1953లో దానికే ఇచ్చారు. పోలీసులు మనసులు చదివేస్తారు, హంతకుడెవరో మనకి మొదట్నుంచీ తెలుసు. వాడు వదలని ఓ పాట పల్లవిని బుర్రలో తిప్పుకుంటూ తప్పించుకోవాలని చూస్తాడు. నీ యంత్రానికి దగ్గర చుట్టమే. మనవాళ్లలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ కథలు చదువు. యుగంధర్‌కి ఏ యంత్రమూ లేదు, పక్కన అసిస్టెంట్ రాజు ఉన్నాడంతే. టైమ్ మెషీన్‌నీ వజ్రం దొంగల్నీ ఒకే కథలో ఇమిడ్చిన 'ఆదిత్య 369' సినిమా మీ అమ్మకి 1991 నుంచీ నోటికొచ్చు, ఆవిడ్నే అడుగు.

పరీక్షలయ్యాక మొదటి అధ్యాయం తిరగరాసి పంపు. హంతకుడెవరో నాకు ముందు చెప్పావంటే ఊరుకోను. సగం చదివాక నేనో పేరు రాసి మీ అత్తయ్య దగ్గర దాచిపెడతాను. అది తప్పయితే నీకు ఏం కొనిపెట్టాలో ఇప్పుడే ఆలోచించుకో.

మీ మావయ్య
కూర్మన్నపాలెం