దారిలో దొరికిన పిల్లలు

తల్లికుక్క లారీ కింద పడి చచ్చిపోయింది. మూడు పిల్లలు కాలవగట్టున అరుస్తున్నాయి. కోడలు వాటిని గంపలో ఇంటికి తెచ్చింది.

"మనకే జరగడం లేదు. వీటినెవరు సాకుతారే?" అంది అత్త.

"కొన్నాళ్లే అత్తమ్మా. కాస్త పెరిగాక అడిగినవాళ్లకి ఇచ్చేద్దాం."

గేదెపాలు పోస్తే విరేచనాలు పట్టుకున్నాయి. ఆ పాలు కుక్కపిల్లలకు సరిగా అరగవు. మెత్తటి అన్నం, ఉడికిన గుడ్డు కొంచెం కొంచెం పెట్టారు. పశువుల డాక్టరు నులిపురుగుల మందు ఇచ్చాడు. అయినా ఒక పిల్ల నెత్తురు విరేచనాలతో రెండు రోజుల్లో పోయింది. అది పార్వో అనే అంటుజబ్బు. మనుషులకు అంటదు. దానికి టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టాలి.

మిగిలిన రెండూ చెప్పులు కొరికేవి. రాత్రుళ్లు ఏడ్చేవి. ఒకనాడు ఆటలో ఒకటి మనవడి వేలు కొరికింది. నెత్తురు వచ్చింది. అత్త కారం అద్దబోయింది.

"వద్దత్తమ్మా!"

కోడలు పిల్లాడి చెయ్యి కుళాయి కింద పెట్టింది. 15 నిమిషాలు సబ్బుతో కడిగింది. వెంటనే సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లింది. టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పొడిచే రోజులు పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు. నెత్తురు వచ్చింది కాబట్టి గాయంలో ఇంకో మందు కూడా వేశారు. చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి. రేబిస్ బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం.

మూడు నెలలు నిండాక కుక్కపిల్లలకూ రేబిస్ టీకా వేయించారు. మళ్లీ ఎప్పుడు వేయించాలో డాక్టరు చీటీ రాసిచ్చాడు.

ఒకదాన్ని పక్కవీధి వాళ్లు తీసుకెళ్లారు. రెండోదాన్ని టీకొట్టు అబ్బాయి అడిగాడు. వద్దన్న అత్తే ఇప్పుడు ఇవ్వనంది. రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి తనే తాడు అతని చేతికిచ్చింది. చీటీ కూడా ఇచ్చింది.

"తారీకు మరిచిపోకు నాయనా. చదవడం రాకపోతే మా కోడల్ని అడుగు" అంది.