షార్జా అద్దె చవకే, మరి దారి?

ప్రశ్న: బర్ దుబాయ్‌లో ఉద్యోగం. కుటుంబంతో వెళ్తున్నాను. షార్జాలో ఇల్లు తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: అద్దె చవకే, కాదనను. కానీ షార్జాకు మెట్రో లేదు. రోజూ అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌లో నలగాల్సిందే. దుబాయ్‌లోనే అల్ ఖుసైస్ చూడండి. 2011లో మొదలైన మెట్రో గ్రీన్ లైన్ అక్కడి నుంచి బర్ దుబాయ్ మీదుగా పోతుంది. అద్దె ఎక్కువ కదా అంటారేమో. నిజమే, పైగా ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కరెంటు బిల్లులో కలిసొస్తుంది. అయినా షార్జా నుంచి రాకపోకలకయ్యే కారు, పెట్రోలు, సాలిక్ టోల్ ఖర్చు కూడా లెక్కేశాక పోల్చండి.

స్టేషన్ దగ్గరే అన్న మాట మాత్రం జూలై ఎండలో నడిచే దూరంగా కొలవండి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30–3 మధ్య ఆరుబయట పనిని అక్కడి ప్రభుత్వమే నిషేధిస్తుంది. మన కొబ్బరితోటల నీడ అక్కడ దొరకదు. పడమటి ఎండ కొట్టే ఫ్లాటు వద్దు. ఏసీ చల్లదనం ఖర్చు అద్దెలో ఉందో, విడిగా కట్టాలో కాంట్రాక్టులో రాయించుకోండి.