టీవీ కింద చిన్న కంప్యూటర్: కొనే ముందు ప్రాసెసర్ కాదు, ఫైల్ చూడండి

ఈ ఆర్టికల్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

మా అక్క పెళ్లయిన రెండు నెలలకి వీడియోగ్రాఫర్ హార్డ్ డిస్క్ ఇచ్చాడు. మూడు గంటల 4కే వీడియో. మా టీవీ 4కేనే కానీ పాతది, డిస్క్ పెడితే ఫార్మాట్ సపోర్ట్ చేయదు అంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని నేనే కదా, "నేను చూసుకుంటా" అన్నా. ఆఫీసుల్లో వాడి తీసేసిన మినీ పీసీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. కాగితం మీద సూపర్.

ఆదివారం రాత్రి అందరూ హాల్లో కూర్చున్నారు. పెళ్లి చూడ్డానికే అమ్మమ్మ ఊరి నుంచి వచ్చింది. ప్లే కొట్టా. సన్నాయి, డోలు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి, బొమ్మ మాత్రం కదలట్లేదు. జీలకర్ర బెల్లం దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా ఆగిపోయింది. ఫ్యాన్ శబ్దం ఒకటే మిగిలింది. "ఇంకెంతసేపురా?" అని నాన్న రెండుసార్లు అడిగారు. "పోనీలే నాన్నా, మళ్లీ వచ్చినప్పుడు చూస్తాలే" అని అమ్మమ్మ పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది.

పీసీ పాడైపోయింది కాదు, అమ్మినవాళ్లు మోసం చేసిందీ లేదు. నేను చూడాల్సింది చూడకుండా కొన్నా, అంతే. ఆ చూడాల్సింది ఏంటో ఇప్పుడు చూద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

ఒక 4కే ఫ్రేమ్‌లో 3840 × 2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెల్స్ ఉంటాయి. సెకనుకి 50 ఫ్రేములు అంటే 41 కోట్ల పైనే. ఇంత డేటాని ఉన్నదున్నట్టు డిస్క్‌లో దాచలేం. అందుకే కోడెక్‌తో మడత పెట్టి దాస్తారు, ప్లే చేసేటప్పుడు విప్పుతారు. ఈ విప్పడాన్నే డీకోడింగ్ అంటాం.

డీకోడింగ్ రెండు రకాలుగా జరుగుతుంది. చిప్‌లో ఆ కోడెక్ కోసమే కట్టిన ప్రత్యేక భాగం ఉంటే హార్డ్‌వేర్ డీకోడింగ్: తక్కువ కరెంటు, తక్కువ వేడి, వీడియో సాఫీగా పోతుంది. అది లేకపోతే మొత్తం భారం మామూలు కోర్ల మీద పడుతుంది. అదే సాఫ్ట్‌వేర్ డీకోడింగ్. 1080పీ వరకు ఎలాగో లాగేస్తాయి, పెద్ద 4కే ఫైల్ వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. మా ఇంట్లో జరిగింది ఇదే.

హార్డ్‌వేర్‌లో లేని కోడెక్‌ని తర్వాత అప్‌డేట్‌తో తెచ్చుకోలేం. ర్యామ్ పెంచినా, ఎస్‌ఎస్‌డీ మార్చినా ఉపయోగం లేదు.

నాలుగు కోడెక్‌లు గుర్తుపెట్టుకోండి

- హెచ్.264: 2003 నాటిది. దాదాపు ప్రతి డివైస్‌లో ఆడుతుంది.
- హెచ్.265 (దీన్నే హెచ్‌ఈవీసీ అంటారు): 2013లో వచ్చింది. పెళ్లి వీడియోలు, ఫోన్ 4కే వీడియోలు, 4కే బ్లూరే సినిమాలు ఇందులో ఎక్కువ. ఇందులో మళ్లీ 8-బిట్, 10-బిట్ అని రెండున్నాయి. హెచ్‌డీఆర్ వీడియో అంటే 10-బిట్ అనుకోండి.
- వీపీ9: ఇది కూడా 2013దే. యూట్యూబ్ వాడేది.
- ఏవీ1: 2018లో వచ్చింది. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ దీనివైపు జరుగుతున్నాయి. యూట్యూబ్‌లో 4కే కావాలంటే వీపీ9 లేదా ఏవీ1 రావాల్సిందే, హెచ్.264లో 4కే ఇవ్వరు.

మీ ఫైల్ ఏ కోడెక్కో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. వీఎల్‌సీలో ఫైల్ ఓపెన్ చేసి, టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ నొక్కండి. ఇంకా వివరంగా కావాలంటే మీడియాఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. నేను ఆ రాత్రి అందరూ పడుకున్నాక చూశా: హెచ్.265, 10-బిట్, 50 ఫ్రేములు. నేను కొన్న పీసీ ప్రాసెసర్‌కి 8-బిట్ వరకే పూర్తి హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉంది. ఈ చెకింగ్ కొనే ముందు చేసి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు బాక్సుల సంగతి

1. సెకండ్ హ్యాండ్ ఆఫీస్ మినీ పీసీ. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ లాంటివి. గట్టివి, రిపేర్ చేసుకోవచ్చు. కానీ తరం చూడండి. ఇంటెల్ 6వ తరంలో హెచ్.265 8-బిట్ హార్డ్‌వేర్‌లో ఉంది. 10-బిట్, దాంతోపాటు వీపీ9 పూర్తిగా రావాలంటే 7వ తరం కావాలి. ఏవీ1 అయితే 11వ తరం నుంచి. బయట అన్నీ ఒకేలా కనిపిస్తాయి, "ఐ5" అన్న స్టిక్కర్ కూడా అదే. ఇంకో మాట: విండోస్ 11కి అధికారికంగా 8వ తరం లేదా ఆపైన ఉండాలి, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పాత తరం కొంటే లినక్స్ వేసుకోవడానికి రెడీగా ఉండండి.

2. ఇంటెల్ ఎన్100 లాంటి కొత్త చిన్న పీసీలు. 2023లో వచ్చిన చిప్, టీడీపీ 6 వాట్లు. పేరు చూస్తే చిన్నదే కానీ హెచ్.265 10-బిట్, వీపీ9, ఏవీ1 మూడూ హార్డ్‌వేర్‌లో ఉన్నాయి. వీడియో విషయంలో పాత 6వ తరం ఐ7 కంటే ఇదే మేలు. అన్ని రకాల ఫైళ్లూ ఉన్న ఇంటికి నా ఓటు దీనికే.

3. రాస్ప్‌బెర్రీ పై 4 లేదా 5. 4కే హెచ్.265 రెండింట్లోనూ 60 ఫ్రేముల వరకు హార్డ్‌వేర్‌లో ఆడుతుంది. పై 5లో హెచ్.264 హార్డ్‌వేర్ డీకోడర్ తీసేశారు, 1080పీ అయితే కోర్లే చూసుకుంటాయి. వీపీ9, ఏవీ1 రెండింట్లోనూ హార్డ్‌వేర్‌లో లేవు, కాబట్టి 4కే యూట్యూబ్ కోసం పై కొనొద్దు. పై 5కి 5 వోల్టులు, 5 ఆంప్స్ ఇచ్చే దాని సొంత అడాప్టరే వాడండి. 3 ఆంప్స్ అడాప్టర్ పెడితే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంప్స్‌కే కట్టడి చేస్తుంది, హార్డ్ డిస్క్ మధ్యలో డిస్‌కనెక్ట్ అవ్వచ్చు.

4. అసలు కంప్యూటరే వద్దా? మీ ఇంట్లో చూసేదంతా ఆహా, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియోనే అయితే, అవును, వద్దు. ఓటీటీలు 4కే ఇవ్వాలంటే వైడ్‌వైన్ ఎల్1 లాంటి రక్షణ అడుగుతాయి. లినక్స్ బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్ 4కే రాదు, పీసీ ఎంత ఖరీదైనదైనా సరే. సర్టిఫైడ్ స్ట్రీమింగ్ స్టిక్ తీసుకోండి, డబ్బు మిగులుతుంది. చిన్న కంప్యూటర్ విలువ మీ సొంత ఫైళ్లు ఉన్నప్పుడే.

కొన్నాక కూడా దెబ్బతీసే చిన్న విషయాలు

కేబుల్, పోర్ట్: హెచ్‌డీఎంఐ 1.4లో 4కే 30 హెర్ట్జ్ వరకే వస్తుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి. ఆఫీస్ పీసీల్లో చాలావాటికి డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది, దానికి చవక కన్వర్టర్ పెడితే మళ్లీ 30కే ఆగిపోవచ్చు. 4కే 60 అని రాసి ఉన్న యాక్టివ్ కన్వర్టర్ తీసుకోండి.

ఫ్రేమ్ రేట్: సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన పెళ్లి వీడియోలు తరచుగా 25 లేదా 50. టీవీ 60 దగ్గరే ఉండిపోతే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా చిన్న కుదుపు కనిపిస్తుంది. కోడిలో సెట్టింగ్స్, ప్లేయర్, వీడియోస్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ అడ్జస్ట్ ఆన్ చేయండి.

రిమోట్: ఇది ఇంట్లోవాళ్లకి అన్నిటికంటే ముఖ్యం. హెచ్‌డీఎంఐ సీఈసీ ఉంటే టీవీ రిమోట్‌తోనే కోడి నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలో ఇది వచ్చేస్తుంది. చాలా మినీ పీసీల్లో ఉండదు, యూఎస్‌బీ సీఈసీ అడాప్టర్ గానీ ఎయిర్ మౌస్ గానీ విడిగా కొనాలి.

వేడి, కరెంటు: ఎండాకాలంలో టీవీ యూనిట్ అర తలుపు మూసి బాక్స్ లోపల పెట్టొద్దు. పై అయితే 80 డిగ్రీల దగ్గర స్పీడ్ తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. 24 గంటలూ ఆన్‌లో ఉంచేవాళ్లు లెక్క వేసుకోండి: 10 వాట్ల బాక్స్ ఏడాదికి దాదాపు 88 యూనిట్లు, 50 వాట్ల పాత డెస్క్‌టాప్ 438 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే ఏడాదికి 2,450 రూపాయల తేడా.

షాపుకి వెళ్లే ముందు

ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసుకోండి: మన ఫైళ్ల కోడెక్, ఎన్ని బిట్లు, రిజల్యూషన్, సెకనుకి ఎన్ని ఫ్రేములు. వీలైతే అన్నిటికంటే బరువైన ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, కొనే బాక్స్‌లోనే ఆడించి చూడండి. ఆడితే కొనండి. లేకపోతే కోర్లు ఎన్నున్నా వదిలేయండి.

మా ఇంట్లో ఇప్పుడు ఎన్100 బాక్స్, లిబ్రెఎలెక్, ఒక సీఈసీ అడాప్టర్ ఉన్నాయి. పాత పీసీ ఫైల్ సర్వర్‌గా మారింది. సంక్రాంతికి అమ్మమ్మ వచ్చినప్పుడు నేను ఇంకా ఆఫీస్ కాల్‌లోనే ఉన్నా. హాల్లోంచి సన్నాయి వినపడి బయటికి వచ్చి చూస్తే అమ్మే టీవీ రిమోట్‌తో వీడియో పెట్టేసింది. జీలకర్ర బెల్లం దగ్గర అమ్మమ్మ ఆపమంది, వెనక్కి తిప్పించుకుని రెండోసారి చూసింది.