లా మొదటి ఏడాది: ఏ సబ్జెక్టు ముందు?

ప్రశ్న: బీకాం చదివి విజయవాడలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. కాంట్రాక్టులు, టార్టులు, కుటుంబ చట్టం, రాజ్యాంగం... ఏది ముందు పట్టుకోవాలి?
– ఓ పాఠకురాలు, గుడివాడ

జవాబు: కాంట్రాక్టులతో మొదలుపెట్టండమ్మా. 1872 నాటి చట్టమే ఇప్పటికీ ఆధారం. ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం అంటే ఏమిటో మీ ఊళ్లో నోటిమాటతో కుదిరే ఒప్పందాలకు అన్వయించి చూడండి.

విద్యార్థులు ఎక్కువగా జడిసేది టార్టులకే. దానికి ఒకే చట్టమంటూ లేదు, తీర్పులే దిక్కు. 1874లో ప్రీవీ కౌన్సిల్ తేల్చిన కార్వేటినగరం జమీందారు కేసు తప్పక చదవండి. ఆయన చెరువులు తెగి రైల్వేకు నష్టం జరిగింది. ఇంగ్లండులో రైలాండ్స్ తీర్పు ప్రకారమైతే నీరు నిలవచేసినవాడే బాధ్యుడు. ఇక్కడ చెరువులు సేద్యానికి ప్రాణం, వాటిని కాపాడటం జమీందారు విధి. నిర్లక్ష్యం లేదు కనుక బాధ్యతా లేదన్నారు. కాలువ నీళ్లతో పెరిగిన డెల్టా పిల్లలకు ఈ తర్కం ఇట్టే అందుతుంది.

కుటుంబ చట్టంలో మన రాష్ట్ర సవరణను వదలకండి. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కును 1985లో ఇచ్చాం. దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు 2005లో వచ్చింది.

రాజ్యాంగానికి గైడ్లు వద్దు. 12 నుంచి 35 దాకా అధికరణలను మూలంలోనే చదవండి.